అరిగిపోయిన పొల్లు: లాప్‌టాప్ కీల మీద అక్షరం పోతే ఎవరిని అడగాలి?

మా లాప్‌టాప్ మీద మొదట పోయింది పొల్లు.

ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషలకని పెట్టిన కీబోర్డు అమరికలో, తెలుగు కొట్టేవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లిష్ డి ఉన్న కీ మీదే మనకు పొల్లు. ఏ వత్తు రావాలన్నా దాన్ని నొక్కాల్సిందే. ‘అమ్మ’కు ఒకసారి, ‘రాష్ట్రం’కు రెండుసార్లు. అనంతపురంలో అర్జీలు, అఫిడవిట్లు, పెళ్లిపత్రికలు టైపు చేసి ఇవ్వడం నా పని. రోజుకు ఎన్నిసార్లు పొల్లు కొడతానో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కొన్న పదో నెలకు డి నిలువుగీత పోయి ఒంపు మాత్రం మిగిలింది. ఇంకో నెలకు అదీ లేదు.

తర్వాత వరసగా ఈ, ఎఫ్, జీ. అంటే దీర్ఘం, గుడి, కొమ్ము. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతపు గుర్తులు ఎడమ పక్కన, హల్లులు ఎక్కువగా కుడి పక్కన ఉంటాయి. హల్లులు చాలా ఉన్నాయి కాబట్టి దెబ్బలన్నీ పదిహేను ఇరవై కీలు పంచుకుంటాయి. గుణింతాలకు ఆ అదృష్టం లేదు, నాలుగైదు కీలే రోజంతా నలుగుతాయి. ఇవన్నీ నా ఖాతా. కానీ ఇంగ్లిష్ ‘ఏ’ కూడా పోయింది, అది నాది కాదు. మా పాప ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొడుతుంది. ‘నాన్న’ అని రాయడానికి ఆరు కీలు, అందులో మూడు ఏలే. ఇంట్లో ఎవరు ఎట్లా టైపు చేస్తారో మా కీబోర్డు చూసి చెప్పేయొచ్చు.

వారంటీ ఇంకా మూడు వారాలు ఉందనగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి డి నొక్కాడు. తెరమీద డి పడింది.

“పన్జేస్తాంది గదా సార్.”

“పన్జేస్తాంది నాయనా, అక్షరం యాడుంది?”

“అది కాస్మెటిక్ సార్. వారంటీలో రాదు. డబ్బులు కట్టి మార్చుకుంటానంటే మారుస్తాం.”

ఎంతవుతుందని అడిగితే ఆరువేల ఎనిమిది వందలన్నాడు. కీబోర్డు విడిగా రాదట, పైకప్పు, అంటే కీల చుట్టూ ఉండి మనం చేతులు ఆనించే పలక, మొత్తం మార్చాలట. ఒక్క అక్షరానికి అంత డబ్బా అని ఇంటికొచ్చేశాను. ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలని అప్పటినుంచి అడిగినవాళ్లనల్లా అడిగాను, విప్పినవల్లా చూశాను. చివరికి అర్థమైంది ఇది: అక్షరం అరగడం సిరాకు సంబంధించిన సంగతి, అది తిరిగి రాకపోవడం బిగింపుకు సంబంధించిన సంగతి. ఈ రెండూ వేరువేరు. కంపెనీతో మాట్లాడేటప్పుడు మనం మొదటిదాని మీద కొట్లాడతాం, డబ్బంతా రెండోదాంట్లో ఉంటుంది.

అక్షరాన్ని దేనితో వేస్తారు

లైటు వెలగని మామూలు కీబోర్డుల మీద ఎక్కువగా ఉండేది ప్యాడ్ ప్రింటింగ్. లోహపు పలక మీద అక్షరాన్ని సన్నగా చెక్కి, ఆ గాడిలో సిరా నింపి, పైన మిగిలింది గీకేసి, మెత్తటి సిలికాన్ ముద్దతో ఆ సిరాను ఎత్తి కీ మీద అద్దుతారు. పంచాయతీ ఆఫీసు రబ్బరు స్టాంపుకు ఇది పెదనాన్న కొడుకు. అద్దిన తర్వాత దానిమీద అతినీలలోహిత కాంతికి గట్టిపడే పారదర్శకమైన పూత ఒకటి వేస్తారు. ఆ పూత ఉన్నంతకాలమే అక్షరం. పూత ఎంత మందంగా వేశారు, ఎంత బాగా గట్టిపరిచారు అనేది కొనేటప్పుడు మనకు కనబడదు. ఏ పెట్టె మీదా రాసి ఉండదు.

లైటు వెలిగే కీబోర్డు కథ వేరు. అక్కడ కీ అసలు రంగు తెలుపు, వెలుగు లోపలినుంచి పైకి వచ్చే రకం ప్లాస్టిక్. దానికి నల్లరంగు పూసి, అక్షరం ఉండాల్సిన చోట లేజర్‌తో రంగును కాల్చేస్తారు. అక్షరం అంటే అక్కడ రంగు లేని ఖాళీ. అందుకే ఈ కీల మీద అక్షరం చెరిగిపోదు, లావెక్కుతుంది. అంచుల దగ్గర నల్లరంగు పెచ్చులు లేచి, ఈ, ఎస్ లాంటివి ఉబ్బి, చివరికి తెల్లటి మచ్చలా మిగులుతాయి. మీ కీ మీద అక్షరం మాయమైందా, ఉబ్బిందా అన్నది చూస్తే అది ఏ పద్ధతిలో వేసిందో తెలిసిపోతుంది. సర్వీస్ సెంటర్‌లో మాట్లాడేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది. పెచ్చులు లేవడం పూత సరిగా పట్టుకోకపోవడం వల్ల కావచ్చు, దాన్ని ‘వాడకం వల్ల అరిగింది’ అనడం అంత తేలిక కాదు.

అక్షరం పోకుండా చేసే పద్ధతులు లేకపోలేదు. వేడితో రంగును ప్లాస్టిక్ లోపలికి ఇంకించేది ఒకటి. దానికి వేడి తట్టుకునే పీబీటీ రకం ప్లాస్టిక్ కావాలి. పైగా లేత కీ మీద ముదురు అక్షరమే ఇంకుతుంది, నల్ల కీ మీద తెల్ల అక్షరం ఇట్లా రాదు. రెండు రంగుల ప్లాస్టిక్‌ను ఒకే కీలో పోసేది ఇంకొకటి. అక్కడ అక్షరం పైనుంచి కిందిదాకా ఉంటుంది, కీ మొత్తం అరిగితే తప్ప పోదు. బల్లమీద పెట్టుకునే ఖరీదైన కీబోర్డులలో ఇవి ఉంటాయి. లాప్‌టాప్ కీ పలచన, అందులో రెండు పొరలకు చోటు తక్కువ. ఇంకో కారణం వ్యాపారానిది. ఒకే అచ్చులో ఖాళీ కీలు పోసుకుని, అరబిక్ కావాలంటే అరబిక్, జర్మన్ కావాలంటే జర్మన్ పైన వేసుకోవచ్చు. అక్షరం కీలోనే ఉండాలంటే భాషకొక అచ్చు పెట్టాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లు నాకంటే పెద్దవి. గోద్రెజ్ మన దేశంలో టైప్‌రైటర్ చేసింది 1955లో. లోయరు, హయ్యరు పరీక్షలకు తరాల తరబడి పిల్లలు బాదినా ఆ కీల మీద అక్షరాలు పోయింది నేను చూడలేదు. ఇంకా పాతకాలపు రెమింగ్టన్‌లలో అయితే అక్షరం ఉన్న కాగితం మీద గాజు బిళ్ల, చుట్టూ లోహపు రింగు. వేలు తగిలేది గాజుకే. బరువుండేవి, మోత ఉండేది, రిబ్బను మార్చినప్పుడల్లా చేతులు నల్లగా అయ్యేవి. అయినా అక్షరం మాత్రం ఉండేది.

వేలు, చెమట, ఎర్రదుమ్ము

చాలా లాప్‌టాప్ కీలు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినవి. హెల్మెట్ల పెంకులకు కూడా వాడే రకం. దెబ్బకు ఆగుతుంది, రాపిడికి అంతగా ఆగదు. కొత్తలో కీ మీద సన్నటి గరుకు ఉంటుంది. వేలు రాసుకుని రాసుకుని ఆ గరుకు పోయి నున్నగా మెరుస్తుంది. దాన్ని జిడ్డు అనుకుని తుడుస్తాం, అది జిడ్డు కాదు, కీ అరిగిన గుర్తు. అక్షరం పోవడానికి ముందు వచ్చే హెచ్చరిక అదే.

మన ఊరి వాతావరణం దీనికి తోడు. అనంతపురంలో వాన తక్కువ, గాలి ఎక్కువ, దుమ్ముకు కొదవలేదు. వేళ్ల మీది నూనెకు ఆ దుమ్ము అంటుకుంటే కీ మీద సన్నటి గరుకు కాగితం రుద్దినట్టే. గోళ్లు పెంచుకున్నవాళ్లకు ఇంకా తొందరగా పోతుంది. వేలి కొస మెత్తన, గోరు గీరుతుంది. 2020 తర్వాత శానిటైజర్ ఒకటి చేరింది. చెయ్యి తడి ఆరకముందే కీల మీద పెడితే అందులోని ఆల్కహాలు మళ్లీమళ్లీ తగిలి పూతను మెత్తబరుస్తుంది. తుడవాలంటే లాప్‌టాప్ ఆపేసి, గుడ్డను మాత్రమే కొద్దిగా తడిపి తుడవాలి, నేరుగా చల్లకూడదు. గోళ్లరంగు తీసే అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది అక్షరాన్నే కాదు, ఏబీఎస్‌ను కూడా కరిగిస్తుంది. మరక పోతుందని ఎవరో చెబితే స్పేస్‌బార్ మీద రుద్దిన వాళ్లను చూశాను. ఆ స్పేస్‌బార్ ఇప్పుడు జంతిక మాదిరి ఉంది.

ఆరువేల ఎనిమిది వందలు ఎందుకయింది

కొట్లాట అంతా ఇక్కడే ఉంది.

మనం ‘కంపెనీ’ అనే పేరు మూత మీద ఉంటుంది. కీబోర్డు మాత్రం ఆ కంపెనీ చేయదు. చికోనీ, లైట్ ఆన్, డార్‌ఫాన్, సన్‌రెక్స్ లాంటి తైవాన్ సంస్థలు చేసి ఇస్తాయి. ఒకే మోడల్ లాప్‌టాప్‌కు రెండు మూడు సంస్థల కీబోర్డులు వాడడం మామూలే. పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. కీ ఊడదీస్తే కింద కత్తెర ఆకారంలో ఉండే చిన్న ప్లాస్టిక్ చట్రం, దాని కొక్కేలు వేరువేరుగా ఉంటాయి. ‘నా మోడల్‌కు డి కీ ఒక్కటి పంపండి’ అని అడిగితే కంపెనీ దగ్గర జవాబు ఉండకపోవడానికి ఒక కారణం ఇది. వాళ్ల జాబితాలో ఒంటరి కీ అనే వస్తువు చాలాసార్లు ఉండదు. కీబోర్డు మొత్తానికి ఒక పార్టు నంబరు ఉంటుంది, అంతే. కీ ఒక్కటే అమ్మేవాళ్లు బయట ఉన్నారు, కానీ కొక్కేల ఫొటో పంపకుండా కొంటే అది కూర్చోదు.

కీబోర్డు మొత్తమైనా ఇమ్మంటే ఇంకో చిక్కు. పాత లాప్‌టాప్‌లలో కింద రెండు మూడు స్క్రూలు తీస్తే కీబోర్డు పైకి లేచి వచ్చేది. పది నిమిషాల పని. థింక్‌ప్యాడ్ రకం లాప్‌టాప్‌ల పేరు నిలబడింది కొంత దీనివల్లే. చాలా మోడళ్లలో కీబోర్డును వాడేవాళ్లే మార్చుకునే భాగంగా లెక్కవేసి, విప్పే పద్ధతిని మాన్యువల్‌లో బొమ్మలతో సహా బహిరంగంగా పెట్టారు. లాప్‌టాప్‌లు పలచబడే కొద్దీ ఆ స్క్రూలు పోయాయి. ఇప్పుడు చాలావాటిలో కీబోర్డు పైకప్పుకు లోపలివైపునుంచి బిగించి ఉంటుంది. పైకప్పులోనుంచి చిన్నచిన్న ప్లాస్టిక్ మేకులు పదుల కొద్దీ పొడుచుకొచ్చి, కీబోర్డు రేకు రంధ్రాల్లోనుంచి దూరి, తలలు వేడితో నొక్కేసి ఉంటాయి. విప్పడానికి ఉద్దేశించిన బిగింపు కాదది. అందుకే సర్వీస్ సెంటర్ దాన్ని విప్పదు. పైకప్పు, కీబోర్డు కలిపి ఒకే వస్తువుగా తెప్పిస్తుంది. ఆపిల్ మాక్‌బుక్‌లు చాలావాటిలో అయితే ఆ పైభాగానికి బ్యాటరీ కూడా అతికించి ఉంటుంది, అన్నీ కలిసే మారతాయి.

మాక్‌బుక్ పేరు వచ్చింది కాబట్టి: 2015 నుంచి వాడిన ‘బటర్‌ఫ్లై’ కీల మీద ఫిర్యాదులు పెరిగి, 2018 జూన్‌లో ఆపిల్ ఆ మోడళ్లకు కొన్న నాటినుంచి నాలుగేళ్లు ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించింది. తర్వాత అమెరికాలో వేసిన సామూహిక దావాను 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. అక్కడ సమస్య కీ ఇరుక్కుపోవడం, ఒకటి కొడితే రెండు పడడం. అక్షరం చెరగడం కాదు. పని ఆగితే కంపెనీలు కదులుతాయి, రూపం చెడితే కదలవు. మనకు ఎదురయ్యే ‘కాస్మెటిక్’ అనే మాట పుట్టింది ఆ గీత దగ్గరే.

ఆ మాట ఎంతవరకు చెల్లుతుంది

వారంటీ పత్రం తీసి చదివాను. మామూలు వాడకంలో అరుగుదల, రూపానికి సంబంధించిన లోపాలు వర్తించవని ఉంది. దాదాపు అన్ని కంపెనీల పత్రాల్లోనూ ఇవే రెండు మాటలుంటాయి. అదనంగా డబ్బు కట్టి తీసుకునే ప్రమాద రక్షణ ప్లాన్‌లు కూడా కిందపడితే, నీళ్లు పోస్తే పనికొస్తాయి గానీ అరిగితే రావు.

అయితే వారంటీ పత్రం ఒక్కటే చట్టం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు నాణ్యతలో, ప్రమాణంలో లోపం ఉంటే అది ‘లోపమే’. ఆ ప్రమాణం చట్టం పెట్టింది కావచ్చు, ఒప్పందంలో ఉన్నది కావచ్చు, అమ్మేవాళ్లు తామే చెప్పుకున్నది కూడా కావచ్చు. ‘రోజంతా టైపింగ్‌కు తగిన కీబోర్డు’ అని ప్రకటనలో రాసుకుంటే ఆ కాగితం దాచుకోండి. నా అభిప్రాయం ఇది: కొన్న ఏడాదిలోపు పెచ్చులు లేస్తే అది తయారీ లోపమే అని గట్టిగా అడగొచ్చు. మూడేళ్ల తర్వాత పోతే అరుగుదలే, అడిగి ప్రయోజనం లేదు. మధ్యలో ఉన్నది ఇద్దరికీ వాదించుకునే జాగా.

ఇంకో సందేహం నాలాంటివాళ్లకు ఉంటుంది. వ్యాపారానికి కొన్నవాళ్లు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు కదా అని. నిజమే, కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నది ఆ మినహాయింపులో పడదు. పది మందిని పెట్టుకుని డేటా ఎంట్రీ నడిపేవాళ్లది వేరే లెక్క, ఒక్కడే కూర్చుని టైపు చేసుకునేవాడు వినియోగదారుడే.

దారి ఇట్లా ఉంటుంది. మొదట కంపెనీకి ఫిర్యాదు, దాని నంబరు, వాళ్ల జవాబు రాతపూర్వకంగా. కౌంటర్ దగ్గర నోటిమాటతో వెనక్కి రావడం నేను చేసిన తప్పు. మూడు వారాల వారంటీ ఉండగా చేతిలో ఒక్క కాగితం లేకుండా బయటికొచ్చాను. మొదటి అక్షరం మసకబారిన రోజే తేదీతో ఫొటో తీసి పెట్టుకోవాలి, తర్వాత తీసిన ఫొటో ఎప్పటిదో ఎవరూ నమ్మరు. కంపెనీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. కారణం పుట్టినప్పటినుంచి రెండేళ్ల లోపు వేయాలి.

నేను 1915 వరకు వెళ్లాను. పది రోజులకు కంపెనీ మనిషి ఫోన్ చేసి, ‘గుడ్‌విల్’ కింద పైకప్పు ధరలో 20 శాతం తగ్గిస్తామన్నాడు. వద్దన్నాను. కమిషన్‌కు వెళ్లలేదు. న్యాయం లేదని కాదు, వాయిదాలకు పోయే రోజుల్లో టైపింగ్ ఆగితే ఆ నష్టం నాదే. ఇట్లా లెక్క వేసుకుని ఆగిపోయేవాళ్లు ఎందరుంటారో కంపెనీలకు మనకంటే బాగా తెలుసు.

‘రిపేరు చేసుకునే హక్కు’ అనే మాట ఈ మధ్య వినబడుతోంది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న దానికొక పోర్టల్ ప్రారంభించింది. కంపెనీలు మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు, సర్వీస్ సెంటర్ల చిరునామాలు ఒకచోట పెట్టడానికి. సమాచారం దొరికితే మంచిదే. అమెరికాలోని కాలిఫోర్నియా 2024 జూలై 1 నుంచి చట్టమే అమలు చేస్తోంది: 100 డాలర్లు, ఆపైన ధర ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువులకు తయారీ ఆగిన తర్వాత కూడా ఏడేళ్లపాటు విడిభాగాలు, మాన్యువళ్లు అందుబాటులో ఉంచాలి. అయినా పార్టు దొరకడం ఒకటి, పార్టును ఎంత ముక్కగా అమ్ముతారన్నది ఇంకొకటి. పైకప్పుతో కలిపే అమ్ముతానంటే ఏ పోర్టల్‌లో వెతికినా అదే ధర.

చేతిలో ఉన్న దారులు

మొదట స్టిక్కర్లు వేశాను. నూటయాభై రూపాయలు. ఏప్రిల్ వచ్చేసరికి జిగురు కరిగి ఎఫ్ స్టిక్కరు జరిగి ఆర్ మీదికి పోయింది. లైటు వెలిగే కీబోర్డుకైతే మామూలు స్టిక్కరు వెలుగునే మూసేస్తుంది. సిలికాన్ కవరు వేద్దామనుకుంటే మూత వేసినప్పుడు తెరకు, కీలకు మధ్య ఉండే సందు చాలా సన్నం, దానిలో ఇంకో పొర దూరిస్తే తెర మీద మచ్చలు పడే ప్రమాదం ఉంది. చూడకుండా కొట్టేవాళ్లకు అక్షరం లేకపోయినా గడుస్తుంది. ఎఫ్, జే మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉన్నాయి కదా, తెలుగులో అవి గుడి, ర. చూపుడువేళ్లు అక్కడ ఆనితే మిగతావి వాటంతటవే దొరుకుతాయి. అక్షరాలే లేని కీబోర్డును 2005లో ‘డాస్ కీబోర్డ్’ పేరుతో ఒక కంపెనీ కావాలనే అమ్మింది. నాకు ఇబ్బంది లేదు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు మా పాప మాత్రం ఏడ్చేది.

వారంటీ అయిపోయాక సప్తగిరి సర్కిల్ పక్కన చిన్న రిపేరు షాపు పెట్టుకున్న తమ్ముడి దగ్గరికి వెళ్లాను. వెనక మూత విప్పి, బోర్డు తీసి, కీబోర్డు రేకు చూపించాడు.

“చూడన్నా, ఈ మేకుల తలకాయలన్నీ కోసేయాల. కొత్తది పెట్టినంక సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ నొక్కల్ల. కొన్ని యాడన్నా ఇరిగితే జిగురు. కంపెనీ బిగింపంత గట్టిగుండదు, ముందే చెప్తాండా.”

“ఎంత?”

“పనికి ఐదు నూర్లు. కీబోర్డు నువ్వే తెచ్చుకో, బెంగుళూర్లో అగ్గవకి దొరుకుతాది.”

తెచ్చేముందు రేకు వెనకున్న స్టిక్కరు ఫొటో తీసుకోమన్నాడు. పార్టు నంబరు అక్కడుంటుంది, మోడల్ పేరుతో వెతికితే మోసపోతాం. కీబోర్డును బోర్డుకు కలిపే పలచటి రిబ్బను కేబుల్ ఏ పక్కనుంచి వస్తుంది, లైటుకు రెండో రిబ్బను ఉందా, పవర్ బటన్ కీబోర్డులోనే ఉందా, ఎంటర్ కీ అడ్డంగా ఉందా నిలువుగా ఉందా, ఇవన్నీ పోల్చాలి. నిలువు ఎంటర్ ఉన్నది బ్రిటన్ రకం, మన పైకప్పు రంధ్రాల్లో అది కూర్చోదు.

ఒకరోజు తెల్లవారుజామున బస్సెక్కి బెంగుళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. నాలుగు షాపులు తిరిగితే ఐదోదాంట్లో దొరికింది, తొమ్మిది వందలు. తమ్ముడు మూడు గంటలు కూర్చుని ముప్పై పైచిలుకు మేకుల తలలు కోసి, మళ్లీ వేడితో నొక్కి బిగించాడు. రెండు ఇరిగాయి, వాటికి జిగురు. స్పేస్‌బార్ దగ్గర గట్టిగా నొక్కితే కొంచెం కుంగుతోంది. కొత్త కీబోర్డు మీద నాలుగు అంకె పక్కన రూపాయి గుర్తు లేదు, వేరే దేశానికని చేసింది. కుడి ఆల్ట్, నాలుగు కలిపి కొడితే గుర్తు మాత్రం పడుతోంది. అది విండోస్ సెట్టింగులలో ఉంది, కీ మీద కాదు.

ఐదు నెలలయింది. అక్షరాలన్నీ ఉన్నాయి. నిన్న రాత్రి లైటు కింద పక్కకు వంచి చూస్తే డి మీద కుడి అంచున వేలి కొస అంత మెరుపు. ఫొటో తీసి, తేదీ వేసి పెట్టుకున్నాను.